పీర్ల పెట్టెలో పురుగు

బియ్యంలో పురుగు పడితే చేటలో పోసి ఎండబెడతాం. పప్పులో పడితే చెరుగుతాం. దేవుడి పెట్టెలో పడితే ఏం చేయాలో మాత్రం ఏ తల్లీ కూతురికి చెప్పి పంపదు. మా అమ్మా చెప్పలేదు.

నేను కొత్వాల్‌గూడ ఆడపిల్లను, సాతంరాయి కోడలిని. కాపురానికి వచ్చిన రెండో ఏడు జరిగిన సంగతి ఇది. యుద్ధం రోజులు. బట్ట కంట్రోలులో ఉండేది. రవిక గుడ్డ కోసం శంషాబాద్ దాకా నడిచిపోయి, పొద్దంతా నిలబడి, ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజులున్నాయి. ఇంట్లో పట్టు ముక్క ఒకటి పాడైతే మళ్ళీ వస్తుందన్న ఆశ లేదు.

మా అత్తగారింట్లో పీర్ల పెట్టె ఉండేది. మొహర్రం నెలవంక కనబడగానే అందులోంచి అరచేతి ఆకారంలో ఉండే ఇత్తడి పీర్లను తీసి, చింతపండుతో తోమి, కర్రలకెత్తి, దట్టీలు చుట్టి చావిడిలో నిలబెట్టేవాళ్ళు. మేం హిందువులమే. అయినా పెద్ద పీరును ఎత్తేది మా మామే, ఆయనకు ముందు ఆయన తండ్రి. ఫాతెహా చదవడానికి శంషాబాద్ నుంచి ముజావర్ వచ్చేవాడు. పండుగ అయ్యాక పీర్లూ దట్టీలూ మళ్ళీ పెట్టెలోకి, పెట్టె మా లోపలి అర్రలోకి. పీర్లు గీసుకుపోకుండా అడుగున పాత గొంగడి ముక్క పరిచేవాళ్ళు. పైన నెమలి ఈకల కట్ట పెట్టేవాళ్ళు, బల్లీ పురుగూ రాకుండా. మళ్ళీ నెలవంక కనబడే దాకా మూత ఎత్తకూడదు. తాళంచెవి మా అత్త కొంగుకు ఉండేది. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు.

దట్టీ అంటే మొక్కుకున్నవాళ్ళు పీరుకు కట్టే గుడ్డ. మా ఆయన అక్క, నాకు వదినె, కిందటి మొహర్రంలో తన పెళ్ళి పట్టుచీర కొంగు చింపి దట్టీ కట్టింది. అప్పటికి ఆమెకు రెండు కాన్పులు నిలవలేదు. ఈసారి కడుపు నిలిస్తే బిడ్డను తెచ్చి నీ ముందు పడుకోబెడతానని మొక్కుకుని, ఆ ఆకుపచ్చ పట్టు మూలకు ఇంత మలీద ముడివేసింది. రొట్టెలో నెయ్యీ బెల్లమూ కలిపి నలిపితే మలీద అవుతుంది. కొన్ని నెలలకే ఆమె నెల తప్పింది. ఇక ఆమె నమ్మకానికి అడ్డు లేదు. దట్టీ భద్రంగా ఉన్నంతకాలం కడుపులో బిడ్డ భద్రం.

బతుకమ్మ పండుగకు ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది, పురుడు పోసుకునే పోవడానికి. పొద్దున లేచి ముఖం కడుక్కోగానే అర్రలోకి పోయి పెట్టె మీద చెయ్యి పెట్టేది. అదే చెయ్యి కడుపు మీద పెట్టుకునేది. ఆ తర్వాతే నోట్లో మెతుకు. నాకు నవ్వు వచ్చేది, జాలీ వేసేది. మంచి మనిషి. నన్ను ఒక్కనాడూ పుల్లవిరుపు మాట అనలేదు.

పురుగులను మొదట కిటికీ దగ్గర చూశాను. ఆవగింజంత ఉన్నాయి, గుండ్రంగా, వీపు మీద తెలుపూ పసుపూ మచ్చలు. బతుకమ్మకు తెచ్చిన తంగేడు పూలలోంచి వచ్చుంటాయనుకుని వదిలేశాను. రెండు రోజుల తర్వాత అర్ర ఊడుస్తుంటే పెట్టె కింది నుంచి చీపురుకు పొట్టు లాంటిది వచ్చింది. వెలుతురులోకి తెచ్చి చూశాను. పొట్టు కాదు, కుబుసాలు. ఒళ్ళంతా వెంట్రుకలున్న కుబుసాలు. వాటి నడుమ బతికున్న పురుగు ఒకటి, బియ్యపు గింజంత, గోధుమరంగు చారలతో, మెల్లగా నా అరచేతి మీద నడుస్తోంది.

ఆ పురుగును నాకు ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. మా పుట్టింట్లో గొర్లుండేవి, గొంగళ్ళుండేవి. మా అమ్మ దీన్ని ఉన్ని పురుగు అనేది. కిటికీ దగ్గర చూసినవీ ఇవే, రెక్కలొచ్చినవి. వానలు పోయి ఎండ ముదరగానే గొంగళ్ళన్నీ బండ మీద పరిచి అటూ ఇటూ తిప్పి ఎండబెట్టేది. చింతబరికెతో కొట్టేది. మడతలు పడ్డచోటా అంచు కుట్టు దగ్గరా కుంచెతో గీకేది. కంటికి కనబడేది సగమే, తక్కిన సగం మడతలో ఉంటుందనేది. వేపాకుకూ పొగాకుకూ కొత్తవి రావేమో గానీ ఉన్నవి చావవు. నూలు జంపఖానా జోలికి అది పోదు. ఉన్ని, పట్టు, ఈక, వెంట్రుక, ఇవీ దాని తిండి. అందులోనూ నూనె మరక, తీపి మరక తగిలిన చోటే ముందు నోరు పెడుతుంది. అడుగున గొంగడి, పైన నెమలి ఈకలు, నడుమ పట్టు, పట్టు మూలన మలీద! కాపలా అనుకుని మావాళ్ళు పెట్టెలో దానికి పెళ్ళి భోజనం వడ్డించి మూతవేశారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదైతది బిడ్డా అని మా అమ్మ మరీ మరీ చెప్పి అత్తారింటికి పంపింది. ఆ మాట నాకు ఎన్నడూ ఒంటబట్టలేదు. నేరుగా అత్త దగ్గరికి పోయాను. ఆమె జొన్నలు విసురుతోంది. పెట్టెలో ఉన్ని పురుగు పడిందనీ, ఇవాళే తెరిచి ఎండకు వేయకపోతే దట్టీలు దక్కవనీ చెప్పాను. విసురురాయి ఆగింది. మళ్ళీ తిరిగింది, ముందుకన్నా జోరుగా. నెలవంక కనబడ్డాకే తెరిచేది అంది. అప్పటికి పోగులు మిగులుతాయి, వదినె దట్టీ ముందు పోతుంది అన్నాను. అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

"తెరిచినంక దాని కడుపుకు ఏమన్నయితే నువ్వు జిమ్మేదారువా?" అంది.

కొత్త కోడలిని. ఆ బిడ్డకు రేపు ఏం జరిగినా, తెరిచిన చెయ్యి ఎవరిదని ఊరు అడుగుతుంది. తెరవకపోతే పురుగు తింటుంది, తిన్నదని తెలిస్తే వదినె గుండె ఆగుతుంది. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఆనాటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. వదినె లేవకముందే లేచి పెట్టె చుట్టూ ఊడ్చేదాన్ని. రోజూ కుబుసాలు, రోజూ పురుగులు. మూత సందులోంచి వచ్చి గోడ ఎక్కుతున్నవాటిని గుడ్డతో తుడిచి పొయ్యిలో పడేసేదాన్ని. పెట్టె చుట్టూ వేపాకు పరిచాను. పురుగు పోతుందని కాదు, చేతులు ఊరకే ఉండలేక. ఎందుకే వేపాకు అని వదినె అడిగింది. దోమలకు అన్నాను. ఆమె నవ్వి, నా మంచి కోరేదానివి నువ్వే పిల్లా అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. పెట్టె మీద ఆమె చెయ్యి పెట్టిన ప్రతిసారీ నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు. ఆ వేళ్ళకు పురుగు పాకుతుందా, కళ్ళు కిందికి తిప్పుతుందా అని చూస్తూ నిలబడేదాన్ని.

మా మామకు చెప్పి చూశాను. పెద్ద పీరును భుజానికెత్తుకుని నిప్పుల గుండం చుట్టూ తిరిగే మొనగాడు, పెళ్ళాం మాట వచ్చేసరికి పిల్లి. మీ అత్తను అడుగు అనేసి బండి కట్టుకుని పోయాడు. మా ఆయన తండ్రికి తగ్గ కొడుకు. అవ్వ, అంటే వాళ్ళమ్మ, వద్దన్నాక నేనేం చేయనని పలుగూ పారా తీసుకుని చేను దారి పట్టాడు. వీళ్ళ మగతనం మండా అనుకున్నాను.

ఇక మిగిలింది ముజావర్. పొగాకు కాడలు తెస్తానని అత్తకు చెప్పి అంగడి రోజున శంషాబాద్ పోయాను. ముసలాయన అరుగు మీద కూర్చుని నులక మంచం అల్లుతున్నాడు. పెట్టె సంగతి చెప్పి, నెలవంకకు ముందు తెరిస్తే తప్పేనా అని అడిగాను. ఆయన చేతులు ఆపకుండానే విన్నాడు. పీరు దట్టీని ఎండకు వేస్తే పీరుకు కోపం ఎందుకొస్తుంది బేటీ, మా ఇంట్లో పీర్లవి ఏటా రెండుసార్లు ఎండకు వేస్తాం అన్నాడు. మరి మా ఇంట్లో కట్టడి ఏందని అడిగాను. ఆయన నులక వదిలి నన్ను చూశాడు.

"మీ అత్త కోడలుగ వచ్చిన కొత్తల వానలు పోంగనే తనే తెరిచి ఎండకేసేది. తర్వాత బంద్ చేసింది. అది మేం పెట్టిన కట్టడి కాదు బేటీ, మీ అత్త పెట్టింది. ఎందుకో నేను అడగలే."

తిరిగివచ్చే దారంతా నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దల నాటిదన్నట్టు ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాదినీ భయపెట్టింది ఈమేనా! తను ఎండకు వేస్తే తప్పు లేదు, నేను వేస్తే పాపమా? ఇంట్లో అడుగు పెట్టగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, ముజావర్ చెప్పిన మాట ఆమె ముఖం మీదే అనేశాను. ఈ కట్టడి పీరుదా నీదా అత్తమ్మా అని గట్టిగానే అడిగాను. ఆమె తిడుతుందనుకున్నాను. కొట్టినా కొడుతుందనుకున్నాను. ఆమె అక్కడే, గడప పక్కన నేల మీద, కూలబడింది.

"నాదే," అంది. "నా పెద్ద కాన్పు మీ వదినె కాదు. దానికన్న ముందు కొడుకు. నిండు నెలల్ల ఉండి పెట్టె తెరిచిన, దట్టీలు ఎండకేసిన. పిల్లగాడు మంచిగనే పుట్టిండు. పురుడు కడగకముందే పోయిండు. ఊరోళ్ళు ఏమనలే, మీ మామ ఏమనలే. దేనికి పోయిండో నాకే ఎరుక."

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఏదో అనబోయి తలెత్తితే అర్ర గుమ్మంలో వదినె నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో. ఆమె ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"పెట్టెల పురుగు వడ్డదా?" అని అడిగింది నన్ను. నేను తల దించుకున్నాను. దట్టీ తీసి చూడండి అని అడుగుతుందనుకున్నాను. ఆమె వెనక్కి నడిచి, పెట్టెకు వీపు ఆనించి కూర్చుని, రెండు చేతులతో కడుపు పట్టుకుంది. "తెర్వకుండ్రి. ఎవ్వలూ తెర్వకుండ్రి," అంది.

తల్లి భయం కూతురికి అంటుకుంది. నా నోటి దూల వల్ల ఒక్కరు పడే బాధ ఇద్దరిదైంది. వదినె ఆ పెట్టె దగ్గరి నుంచి కదలనంది. జొన్న గటక కలిపి తీసుకుపోతే రెండు ముద్దలు తిని పళ్ళెం నెట్టేసేది. కడుపులో బిడ్డ కదలడం లేదని ఒకటే పాట. మంత్రసానిని పిలిపించాం. ఆమె చెయ్యి వేసి చూసి, కదలకపోవడమేంది, లోపల కుస్తీ పడుతోందని నవ్వింది. వదినె నవ్వలేదు, నమ్మలేదు. ఆమె ముఖం రోజురోజుకూ పీక్కుపోతుంటే మా అత్త గడపలో కూర్చుని కూతురినే చూస్తుండేది. విసురురాయి ముట్టలేదు. నాతో మాట్లాడలేదు. ఆ ఇంట్లో గాలి కూడా మెల్లగా నడిచింది.

ఒక మధ్యాహ్నం ముగ్గురం అర్రలోనే ఉన్నాం. మూత సందులోంచి ఒక పురుగు జారి వదినె భుజం మీద పడింది. రవిక మీదుగా దిగి, చీర మీదుగా కడుపు వైపు పాకసాగింది. నేను దులపబోయాను. వదినె నా చెయ్యి పట్టుకుని ఆపింది. దాన్ని ముట్టుకున్నా తప్పేమోనని భయం. ఊపిరి బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసి, ఆ పురుగు తన కడుపు మీద నడుస్తుంటే చూస్తూ కూర్చుంది. చెయ్యి ఎత్తదు.

మా అత్త లేచింది. కొంగు విప్పి తాళంచెవి తీసింది. వచ్చి కూతురి కడుపు మీది పురుగును రెండు వేళ్ళతో తీసి నలిపేసింది. వదినెను చంకల కింద చేతులు వేసి లేపి పక్కకు జరిపింది. వదినె వద్దవ్వా వద్దవ్వా అంటోంది. నేను సాయం పట్టబోతే నన్నూ అవతలికి నెట్టింది. చెయ్యి ఎవరూ పెట్టొద్దంది. పెట్టె ముందు నిలబడి, మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"తెరుస్తున్నది నేను. నా బిడ్డ కాదు, నా కోడలు కాదు. నీకు కోపమొస్తే నన్ను తీస్కపో."

మూత ఎత్తింది. నెమలి ఈకల కట్టలో కన్ను లేదు, నూగు లేదు, తెల్లటి కాడలు మిగిలాయి. అడుగున గొంగడి పట్టుకుంటే పొడిగా రాలింది. పొడి నిండా పురుగులు. నూలు దట్టీలు చెక్కుచెదరలేదు. పట్టువాటికి అక్కడక్కడా చిల్లులు. వదినె దట్టీ మడత విప్పితే మలీద ముడి ఉన్న మూల మొత్తం లేదు. ముడి కట్టిన చోట పిడికెడంత ఖాళీ.

అత్త దాన్ని దాచలేదు. రెండు చేతులతో పట్టుకుని పెరట్లోకి నడిచి దండెం మీద వేసింది. ఎండ ఆ చిల్లుల్లోంచి నేల మీద పడింది. వదినె గోడ పట్టుకుని బయటికి వచ్చింది. చూసింది. పడిపోతుందని నేను పక్కకు పోయి నిలబడ్డాను. ఆమె చాలాసేపు చూసి, అంచు వేళ్ళతో తడిమి, తనలో తను అనుకున్నట్టు మెల్లగా అంది. "తిన్నది పురుగే గదా. పీరు కాదు గదా."

తర్వాత, దట్టీలు దులపడానికి నేను తెచ్చిన చింతబరికె లాక్కుని దట్టీని కొట్టింది. నిండు కడుపుతో, చెమటలు కారుతుంటే, ఏడుస్తూ కొట్టింది. అప్పుడు ఆగింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ఇగో తన్నింది అంది. వదినే నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా అత్త ఇంకో దట్టీ తెచ్చి దండెం మీద వేసింది.

ఇక పని నా చేతికి వచ్చింది. గొంగడి పొడినీ ఈకల కాడలనూ ఊడ్చి పొయ్యిలో వేశాను. మరిగే నీళ్ళు పెట్టె మూలమూలలా పోసి, పలకల సందులు పుల్లతో గీకి, ఎండలో బోర్లించాను. దట్టీలను రోజూ ఎండకు వేసి, తిప్పి, కొట్టి, అంచులు కుంచెతో గీకాను. అర్ర గోడల పగుళ్ళు మట్టితో పూడ్చి అలికాను. మిగిలిన దట్టీల మలీద ముడులన్నీ విప్పి ఆవులకు పెట్టాను. మంచి ఎండలు కాశాయి ఆ ఏడు. పెట్టెలో ఉతికిన నూలు గుడ్డ పరిచి దట్టీలు సర్దేటప్పుడు, నెమలి ఈకలు ఏవీ అని ఎవరూ అడగలేదు.

అంతటితో భయం పోయిందనుకుంటే పొరపాటు. వదినె కోలుకుంది, తింటోంది, నాతో నవ్వుతోంది. మా అత్తకే కంటి మీద కునుకు లేదు. కూతురు నడుము పట్టిందని అంటే చాలు, ఈమె ముఖంలో రక్తం ఉండేది కాదు. నెలలు నిండాయి. కార్తీకం దాటాక ఒక పొద్దున నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చింది, నేను నీళ్ళు కాచాను. మా అత్త మాత్రం లోపలికి రానంది. పెరట్లో బండ మీద కూర్చుని, కూతురి కేకలు వింటూ ఉండిపోయింది. దీపం పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. ఊరికి వినబడేలా ఏడ్చింది. చెప్పడానికి పరుగెత్తితే మా అత్త తల ఊపింది, అంతే.

ఆ పిల్లను ఆమె ఎత్తుకోలేదు. పురుడు కడిగే దాకా ఎత్తుకోలేదు. కూతురికి బాలింత కాయం మందు కలిపింది, ఒళ్ళు కాచింది, పిల్ల గుడ్డలు ఉతికింది. పిల్లను మాత్రం గుమ్మంలోంచి చూసేది. నిద్రపోతున్న పిల్ల పొట్ట ఎగిసిపడుతోందా లేదా అని చూసి, వెనక్కి తిరిగేది. మాకు అర్థమవుతూనే ఉంది. మేమూ రోజులు బిగబట్టుకునే వెళ్ళదీశాం.

పురుడు కడిగిన రోజు ఇల్లు నిండా చుట్టాలు. పిల్ల గుండ్రాయిలా ఉంది. వదినె స్నానం చేసి వచ్చి, నేరుగా తల్లి ఒళ్ళో పిల్లను పెట్టింది. చూడవ్వా, ఏం కాలేదు అంది. అందరూ నవ్వుతున్నారు. మా అత్త పిల్ల ముఖంలోకి వంగి చూసింది. చిటికెన వేలు పట్టుకుంది. ఇన్నాళ్ళకు ఈ మనిషి సంతోషపడుతుందని నాకు కడుపు నిండిపోయింది. అంతలో ఆమె పిల్లను నా చేతికి ఇచ్చి లేచి పెరట్లోకి పోయింది.

పిల్లను వదినెకు ఇచ్చి వెనకే పోయాను. బండ మీద కూర్చుని ఉంది. కళ్ళలో నీళ్ళు లేవు. నన్ను చూసి పక్కకు జరిగింది.

"పెట్టె తెరిస్తే ఏం గాదు గదా, బిడ్డా?" అని అడిగింది.

కాదు అత్తమ్మా, చూశావు కదా, ఏం కాదు అన్నాను.

"మరి నా కొడుకు దేనికి పోయిండే?"

ఇంట్లో పిల్ల నిద్రలేచి ఏడుపు మొదలుపెట్టింది. వదినె అవ్వా అవ్వా అని పిలుస్తోంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆమె లేవలేదు.